ఫారగట్ గురించి అందరూ రాస్తారు, హార్ట్‌ఫర్డ్ కింది డెక్‌లో నిలబడ్డ జాన్ లాసన్ గురించి ఎవరూ రాయరేం?

కృష్ణాతీరం
అమెరికా అంతర్యుద్ధంలో మొబైల్ బే (అలబామాలోని ఒక ఖాతం) యుద్ధం మీద తెలుగులో ఎక్కడ వ్యాసం కనిపించినా ఒకటే కథ. 1864 ఆగస్టు 5, ఉత్తరాది నౌకాదళం అడ్మిరల్ ఫారగట్ తన ఓడ హార్ట్‌ఫర్డ్ మీద పొగలో ఏమీ కనపడక తెరచాప తాళ్లు పట్టుకుని పైకెక్కాడు, పడిపోకుండా తాడుతో కట్టేశారు, నీటిలో మందుపాతరలున్నా లెక్కచేయక ముందుకు పొమ్మన్నాడు. అక్కడితో అయిపోతుంది.

అదే ఓడలో, అదే ఉదయం, కింది డెక్‌లో జాన్ లాసన్ అనే నల్లజాతి నావికుడు ఉన్నాడు. హోదా ల్యాండ్స్‌మన్, అంటే నౌకాదళంలో దాదాపు అట్టడుగు మెట్టు. ఫిరంగులకు కింది నుంచి గుండ్లు అందించే ఆరుగురి జట్టులో పని. శత్రువుల గుండు వచ్చి పేలింది. ఆరుగురిలో చచ్చినవాళ్లు చచ్చారు, మిగిలినవాళ్లు గాయపడ్డారు. లాసన్ కాలికి దెబ్బ తగిలింది, ఎగిరి ఓడ గోడకు కొట్టుకున్నాడు. తేరుకున్నాక కిందికెళ్లి కట్టు కట్టించుకోమని చెబితే వినలేదు. లేచి మళ్లీ అక్కడికే వెళ్లి, యుద్ధం ముగిసేదాకా గుండ్లు లాగుతూనే ఉన్నాడు. దీనికి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు, అమెరికాలో అన్నిటికంటే పెద్ద యుద్ధ పతకం. ఇంత విషయం ఉంటే మనవాళ్లు అడ్మిరల్ దగ్గరే ఆగిపోతారెందుకు? ఇంకా వివరాలు తెలిసినవాళ్లు చెప్పండి.

పల్నాటిబిడ్డ
అడ్మిరల్ దగ్గర ఆగడంలో తప్పేముంది అన్నా? యుద్ధం గెలిపించే నిర్ణయం తీసుకున్నది ఆయనే కదా. ఆ క్షణంలో ఓడలు వెనక్కి తిరిగుంటే కోట ఫిరంగుల కింద అందరూ పోయేవాళ్లు.

కృష్ణాతీరం
@పల్నాటిబిడ్డ ఫారగట్ గొప్పవాడు కాదని నేననలేదు. ఆయన ఒక్కడి గురించే చెప్పుకుంటున్నాం అన్నదే నా బాధ.

సాగరసంగమం
అసలు యుద్ధం తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. అంతర్యుద్ధం చివరికొచ్చేసరికి మెక్సికో సింధుశాఖలో దక్షిణాది వాళ్లకు మిగిలిన పెద్ద రేవుల్లో మొబైల్ ఒకటి. ఉత్తరాది నౌకలు దిగ్బంధం చేసినా చాటుగా సరుకు వస్తూనే ఉండేది. ఖాతం మూతి దగ్గర తూర్పున ఫోర్ట్ మోర్గన్, పడమర డాఫిన్ దీవి మీద ఫోర్ట్ గెయిన్స్. మధ్య దారిలో నీటి మందుపాతరలు. వాటినే అప్పట్లో టార్పెడోలనేవాళ్లు. మందుపాతరలు లేని సందు సరిగ్గా ఫోర్ట్ మోర్గన్ గోడ కిందుగా వదిలారు.

ఫారగట్ తెచ్చినవి 18 నౌకలు. వాటిలో 14 చెక్కవి, 4 ఇనుప కవచమున్న మానిటర్లు. చెక్క ఓడల్ని రెండేసి చొప్పున జతచేసి కట్టించాడు. ఒకదానికి దెబ్బ తగిలితే రెండోది లాక్కుపోతుందని. హార్ట్‌ఫర్డ్‌కి జత మెటాకోమెట్.

ముందు వెళ్తున్న మానిటర్ టెకుమ్సే మందుపాతర తగిలి కొన్ని నిమిషాల్లో మునిగిపోయింది. 90 మందికి పైగా దాంతోపాటే పోయారు. అది చూసి ముందున్న బ్రూక్లిన్ ఆగింది. వెనకున్న ఓడలన్నీ కోట ఫిరంగుల ఎదురుగా గుంపుగా ఇరుక్కున్నాయి. అప్పుడే ఫారగట్ హార్ట్‌ఫర్డ్‌ని పక్కకు తిప్పించి మందుపాతరల మీదుగానే పోనిచ్చాడు. ముందుకెళ్లిన హార్ట్‌ఫర్డ్ మీదే కాల్పులన్నీ పడ్డాయి. ఆ ఒక్క ఓడలో 25 మంది చనిపోయారు, 28 మంది గాయపడ్డారు. లాసన్ పని చేసిన డెక్ అందులోదే.

రేపల్లెరాణి
@సాగరసంగమం బాగా చెప్పారండీ. నాకొక సందేహం. గుండ్లు అందించే పని అంటే సరిగ్గా ఏం చేసేవాళ్లు? చేత్తో మోసేవాళ్లా?

విశాఖ_మాజీనావికుడు
@రేపల్లెరాణి గారూ, నేను నేవీలో గన్నరీ బ్రాంచిలో చేసి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

మందుగుండు ఎప్పుడూ ఓడలో అన్నిటికంటే అడుగున, నీటిమట్టం కింద దాస్తారు. పైన పెడితే ఒక్క గుండు తగిలినా ఓడ మొత్తం పోతుంది. ఫిరంగులేమో పైన. కాబట్టి గుండు కింది నుంచి పైకి రావాలి. హార్ట్‌ఫర్డ్‌లో దానికి వాడింది తాడు, గిలక. మన నూతి గిలక లాంటిదే అనుకోండి, కాకపోతే చేద బదులు పేలే గుండు వస్తుంది. కింద ఒకరు తగిలిస్తారు, కొందరు తాడు లాగుతారు, పైకి రాగానే ఒకరు పట్టుకుని విప్పి ఫిరంగి జట్టుకు అందిస్తారు. ఆ ఓడలోవి ఎక్కువగా 9 అంగుళాల డాల్‌గ్రెన్ ఫిరంగులు. ఒక్కో గుండు 30 కిలోలకు పైనే ఉండేది. అది లోపల మందు కూరిన గుండు. జారి పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంకో సంగతి. కింది డెక్‌లో ఉన్నవాడికి శత్రువు కనిపించడు. పైన ఉన్నవాడు కనీసం గుండు ఎటు నుంచి వస్తుందో చూస్తాడు, తన ఫిరంగి పేలిస్తే కసి తీరుతుంది. కిందున్నవాడికి చప్పుడు, పొగ, చీకటి అంతే. మా రోజుల్లో ఓడంతా వినపడేలా స్పీకర్లో బయట ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు. అయినా ఎక్సర్‌సైజుల్లోనే కింద హ్యాచ్ మూసేస్తే కొత్త కుర్రాళ్లకు చెమటలు పట్టేవి. నాకూ పట్టాయి. అవి ఉత్త ఎక్సర్‌సైజులు. ఎదురుగా ఎవరూ కాల్చడం లేదు.

చెక్క ఓడల్లో గుండు కన్నా పేళ్లు ఎక్కువమందిని చంపేవి. గుండు గోడను చీలిస్తే బారెడు బారెడు పేళ్లు కత్తుల్లా ఎగిరొస్తాయి.

రేపల్లెరాణి
వింటుంటేనే ఒళ్లు గగుర్పొడుస్తోందండీ.

పల్నాటిబిడ్డ
నాకు ఒక అభ్యంతరం ఉంది, కోప్పడకండి. ఆ రోజుల్లో మెడల్ ఆఫ్ ఆనర్ ఇప్పుడున్నంత అరుదు కాదు. అంతర్యుద్ధంలోనే 1,500 పైగా ఇచ్చారు. మెయిన్ రాష్ట్రపు 27వ రెజిమెంటుకైతే సర్వీసు గడువు అయిపోయాక కొన్నాళ్లు ఆగితే చాలని 864 మెడల్స్ పంచేశారు. 1916లో ఒక బోర్డు వేసి 1917లో 911 పేర్లు కొట్టేశారు. కాబట్టి మెడల్ వచ్చిందన్న ఒక్క కారణంతో మహావీరుడు అనేయలేం.

సాగరసంగమం
@పల్నాటిబిడ్డ మీరు చెప్పిన లెక్కలు కరెక్టే. కానీ ఆ 911 పేర్లూ సైన్యం జాబితావి. నౌకాదళం పేర్లు ఆ బోర్డు ముందుకే రాలేదు. ఇంకో తేడా ఉంది. అసలు ఈ మెడల్ పుట్టిందే నౌకాదళంలో. 1861 డిసెంబరులో లింకన్ సంతకం పెట్టిన చట్టం మామూలు నావికుల కోసం. నౌకాదళం అధికారులకు ఇది ఇవ్వడానికి వీల్లేదు, 1915 దాకా అదే రూలు.

మొబైల్ బేలోనే దీనికి ఉదాహరణ ఉంది. టెకుమ్సే మునిగినప్పుడు మెటాకోమెట్ నుంచి ఒక చిన్న పడవ దింపారు. హెన్రీ నీల్డ్స్ అనే యువ అధికారి, నావికులు తెడ్లు వేసుకుంటూ కోట ఫిరంగుల కింద నుంచి వెళ్లి 10 మందిని నీళ్లలోంచి లాగారు. పడవలో నావికులు ఆరుగురికి మెడల్ వచ్చింది. నీల్డ్స్‌కి రాలేదు. అధికారి కాబట్టి.

పల్నాటిబిడ్డ
నౌకాదళం జాబితా సంగతి బాగా పట్టారు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. లాసన్‌కి వేరే దారేముంది? ఓడ సముద్రం మధ్యలో ఉంది, పారిపోవడానికి చోటు లేదు. ఎక్కడున్నా చావు ఒకటే అయినప్పుడు పనిచేస్తూ ఉండటం తెగువా, అలవాటా?

కృష్ణాతీరం
@పల్నాటిబిడ్డ ఒక దారి ఉంది కదా. చూపించారు కూడా. కిందికి వెళ్లి డాక్టర్ దగ్గర కూచోమన్నారు. కాలికి గాయమైనవాడిని పిరికివాడని ఎవరూ అనరు. అనుమతి ఉన్నా వెళ్లలేదు. నాకు ఈ మనిషి నచ్చింది అక్కడే. పైగా తిరిగి వెళ్లింది ఎక్కడికి? ఇప్పుడే గుండు పడి తోటివాళ్లు ఛిద్రమైన చోటికి.

విశాఖ_మాజీనావికుడు
@కృష్ణాతీరం అదే మాట. గుండు పడకముందు నిలబడటానికి ట్రైనింగ్ చాలు. పడ్డాక తిరిగి నిలబడటానికి ట్రైనింగ్ సరిపోదు. తాడు తడిగా ఉంటుంది. దేనితో తడిసిందో చెప్పక్కర్లేదు. యుద్ధానికి ముందు డెక్ మీద ఇసుక చల్లేది కాళ్లు జారకూడదనే.

ఎడిసన్_అన్నపూర్ణ
లాసన్ సమాధి మాకు దగ్గరే! అంటే మరీ పక్కన కాదు, మేముండేది ఎడిసన్, అది న్యూజెర్సీ దక్షిణాన లాన్‌సైడ్ అనే చిన్న ఊళ్లో. ఫిలడెల్ఫియాకు వెళ్లే దారిలో కాస్త పక్కకు తిరగాలి. మౌంట్ పీస్ శ్మశానం అంటారు. అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు, నావికులు చాలామంది అక్కడే ఉన్నారు. మావాడి స్కూలు ప్రాజెక్టు కోసం తీసుకెళ్లాను. మెమోరియల్ డే దాటి కొన్నాళ్లే అయినట్టుంది, గడ్డిలో చిన్న చిన్న జెండాలు ఇంకా గుచ్చి ఉన్నాయి. లాసన్ పేరుతో రాయి ఉంది.

ఆ ఊరి కథ కూడా తెలుసుకోదగ్గది. బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు ఆశ్రయమిచ్చిన ఊరు. నల్లజాతి వాళ్లే పరిపాలించుకునే ఊరిగా 1926లో ఏర్పడింది. ఇన్నేళ్లుగా ఆ దారిలో గుడికీ షాపింగుకీ తిరుగుతున్నాం, ఎవరూ చెప్పలేదు.

కృష్ణాతీరం
@ఎడిసన్_అన్నపూర్ణ గారూ, ఎంత మంచి సంగతి చెప్పారండీ! లాసన్ 1919 మేలో ఫిలడెల్ఫియాలో చనిపోయాడు, 81 ఏళ్లు. అంటే మొబైల్ బే తర్వాత ఇంకో 55 ఏళ్లు బతికాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగియడం కూడా చూశాడు. మీ అబ్బాయి ప్రాజెక్టు ఎలా వచ్చింది?

ఎడిసన్_అన్నపూర్ణ
టీచరుకు బాగా నచ్చింది. క్లాసులో మిగతావాళ్లంతా జనరల్స్ మీద చేశారట, వీడొక్కడే గుండ్లు మోసినాయన మీద చేశాడు. 🙂

నల్లమలనీడ
రాబర్ట్ స్మాల్స్ పేరు ఎవరూ ఎత్తలేదేం? నా దృష్టిలో అంతర్యుద్ధంలో నీటి మీద జరిగిన అన్నిటికంటే పెద్ద సాహసం ఆయనది. 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల అధికారులు ఒడ్డున ఉన్న సమయం చూసి, చార్ల్‌స్టన్ రేవు నుంచి ప్లాంటర్ అనే ఓడనే నడుపుకుని వెళ్లిపోయాడు. అప్పటికి ఆయన బానిస. కెప్టెన్ గడ్డి టోపీ పెట్టుకుని, చీకట్లో ఆయనలా నిలబడి, కోట దగ్గర ఇవ్వాల్సిన ఈల సంకేతాలన్నీ తప్పు లేకుండా ఇచ్చి దాటేశాడు. ఓడలో భార్యాపిల్లలు కూడా ఉన్నారు. పట్టుబడితే ఏమయ్యేదో చెప్పాలా? మరి ఆయనకు మెడల్ ఎందుకు రాలేదు?

సాగరసంగమం
@నల్లమలనీడ ఆ రోజుకి స్మాల్స్ ఉత్తరాది నౌకాదళంలో లేడు. మెడల్ దళంలో చేరినవాళ్లకే. ఆయనకు పట్టుబడ్డ ఓడ విలువలో వాటాగా డబ్బు ఇచ్చారు, 1,500 డాలర్లు. ఓడ విలువకు అది తక్కువని చాలామంది అప్పుడే అన్నారు. తర్వాత దక్షిణ కరొలైనా నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యాడు.

నల్లమలనీడ
అందుకే మెడల్‌ని బట్టి మనిషిని కొలవకూడదంటాను. @పల్నాటిబిడ్డ ఇంకోవైపు నుంచి చెప్పింది కూడా అదేనేమో.

పల్నాటిబిడ్డ
@నల్లమలనీడ ఒక విధంగా అవును. స్మాల్స్‌ది పథకం వేసి చేసిన సాహసం. నెలల తరబడి మనసులో పెట్టుకుని, అవకాశం కోసం చూసి చేశాడు. నాకు అది ఎక్కువ గొప్పగా అనిపిస్తుంది.

విశాఖ_మాజీనావికుడు
రెండూ వేరు వేరు గుణాలు బాబూ. ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అని తూకం వేయకండి.

మున్నేరువాగు
జీతాల సంగతి ఎవరికైనా తెలుసా? నల్లజాతి సైనికులకు తక్కువ ఇచ్చేవాళ్లని చదివాను. నావికులకూ అంతేనా?

సాగరసంగమం
@మున్నేరువాగు సైన్యంలో నల్లవాళ్లకు నెలకు 10 డాలర్లు, అందులో బట్టలకు 3 కోత, చేతికి 7. తెల్ల సిపాయికి 13. దీనిమీద పెద్ద గొడవై 1864 జూన్‌లో చట్టం మారింది. నౌకాదళంలో మాత్రం హోదాని బట్టి జీతం, రంగుని బట్టి కాదు. ల్యాండ్స్‌మన్ ఎవరైనా 12 డాలర్లే. భోజనం, పడక కూడా కలిసే. అయితే అక్కడ వివక్ష వేరే రూపంలో ఉండేది. బానిసత్వం నుంచి తప్పించుకొచ్చినవాళ్లను మొదట్లో 'బాయ్' అన్న హోదాకు మించి తీసుకోవద్దన్నారు. మనిషికి ముప్ఫై ఏళ్లున్నా సరే, కాగితాల్లో బాయ్. 1862 చివర్లోగానీ ల్యాండ్స్‌మన్‌గా రాయించుకోనివ్వలేదు.

ఉత్తరాది నౌకాదళంలో మొత్తం మీద 18,000 మంది దాకా నల్లజాతి నావికులు పనిచేశారు.

రేపల్లెరాణి
ముప్ఫై ఏళ్ల మగమనిషిని బాయ్ అని రాసుకోవడం! ఎంత అవమానం.

కృష్ణాతీరం
ఇప్పుడు నేను ఈ థ్రెడ్ పెట్టడానికి అసలు కారణం చెప్తాను. అదే ఓడలో, అదే పని దగ్గర ఇంకొకతను ఉన్నాడు. విల్సన్ బ్రౌన్. మిసిసిపీలోని నాచెజ్‌లో బానిసగా ఉండి, తప్పించుకుని 1863లో నౌకాదళంలో చేరాడు. నిచ్చెన మీద ఇతనికి పైన ఉన్న మనిషికి గుండు తగిలి ప్రాణం పోయింది. ఆ దెబ్బకు బ్రౌన్ స్పృహ తప్పి ఓడ అడుగుకు పడిపోయాడు. స్పృహ రాగానే ఎక్కి మళ్లీ గిలక దగ్గరికి వచ్చాడు. అతనికీ మెడల్ ఇచ్చారు.

ఇక్కడే నాకు చిక్కు. లాసన్ ప్రశంసాపత్రంలో ఆరుగురి జట్టూ చచ్చిందో గాయపడిందో అని ఉంది. బ్రౌన్ పత్రంలో ఆరుగురిలో నలుగురు అని ఉంది. రెండూ ఒకే తేదీన, 1864 డిసెంబరు 31న ఇచ్చినవే. ఏది నిజం?

మున్నేరువాగు
రెండు వేరే వేరే గిలకలేమో? పెద్ద ఓడ కదా.

పల్నాటిబిడ్డ
లేదా రాసిన గుమాస్తా కంగారులో ఏదో రాసి ఉంటాడు. అన్ని పేర్లు ఒకేసారి రాస్తే ఇలాంటివి మామూలే.

విశాఖ_మాజీనావికుడు
కూడి చూడండి. నలుగురు పోయారు లేదా గాయపడ్డారు. ఐదోవాడు లాసన్, కాలికి దెబ్బ. ఆరోవాడు బ్రౌన్, స్పృహ తప్పాడు. మొత్తం ఆరు. బ్రౌన్ పత్రం రాసినవాళ్లు తిరిగొచ్చిన ఇద్దర్నీ వదిలేసి మిగతా నలుగుర్ని లెక్కపెట్టారు. లాసన్ పత్రం రాసినవాళ్లు దెబ్బ తిన్న అందర్నీ లెక్కపెట్టారు. ఇది నా ఊహే, కానీ రెండు పత్రాల్లోనూ అదే కింది డెక్, అదే పని, అదే ఆరుగురు అని ఉన్నప్పుడు ఇలా సరిపోతుంది.

కృష్ణాతీరం
అరె! ఇది నాకు తట్టనే లేదు సార్. అలాగైతే ఆరుగురు లాగాల్సిన తాడు ఆ తర్వాత ఈ ఇద్దరే లాగి ఉంటారా?

విశాఖ_మాజీనావికుడు
@కృష్ణాతీరం పూర్తిగా ఇద్దరే అనుకోకండి. ఖాళీ అయిన చోటికి వేరే చోట నుంచి మనుషుల్ని పంపుతారు, అది ఏ నేవీలోనైనా పద్ధతి. కానీ వాళ్లొచ్చేదాకా గిలక ఆగకూడదు. పైన ఫిరంగి జట్టు చేయి చాచి ఎదురుచూస్తూ ఉంటుంది. పైగా కొత్తగా వచ్చినవాళ్లకు పని చూపించేది ఎవరు? తెలిసినవాళ్లు ఈ ఇద్దరే.

పల్నాటిబిడ్డ
ఒప్పుకుంటున్నాను సార్. ఇలా చూస్తే కథే మారిపోతోంది. ఒకడు పెన్సిల్వేనియా మనిషి, ఇంకొకడు మిసిసిపీ నుంచి తప్పించుకొచ్చినవాడు, ఇద్దరూ ఒకే తాడు దగ్గర.

ఎడిసన్_అన్నపూర్ణ
ఈ ముక్క మావాడికి చెప్పాలి. ప్రాజెక్టు అయిపోయినా సరే.

నల్లమలనీడ
బ్రూక్లిన్ ఓడలోనూ ఇలాంటివాళ్లు ఇద్దరున్నారు. విలియం హెచ్. బ్రౌన్, జేమ్స్ మిఫ్లిన్. మిఫ్లిన్ మామూలుగా ఇంజనీర్లకు వంట చేసే మనిషి. యుద్ధమప్పుడు గుండ్లందించే గిలక దగ్గర డ్యూటీ. వాళ్ల గిలక దగ్గర పేలుళ్లకు రెండుసార్లు మనుషులంతా తుడిచిపెట్టుకుపోయారని పత్రంలో ఉంది. అయినా చోటు వదల్లేదు. ఇద్దరికీ మెడల్ వచ్చింది.

రేపల్లెరాణి
వంట మనిషికి యుద్ధంలో ఆ డ్యూటీనా?

విశాఖ_మాజీనావికుడు
@రేపల్లెరాణి ఓడలో అందరికీ యుద్ధం డ్యూటీ ఉంటుందండీ. వంటవాడైనా, రాతపని చేసేవాడైనా. గంట మోగితే గరిటె పక్కన పెట్టి పరిగెత్తాల్సిందే. ఇప్పటికీ అంతే. మా ఓడలో మందుగుండు అందించే జట్టులో మా కుక్ ఉండేవాడు, భీమవరం దగ్గర మనిషి. చేపల పులుసు ఎంత బాగా పెట్టేవాడో గుండు కూడా అంత జాగ్రత్తగా అందించేవాడు.

మున్నేరువాగు
పులుసు రెసిపీ కూడా పెట్టండి సార్ 😄

సాగరసంగమం
థ్రెడ్ పులుసులోకి పోకముందే ఒక మాట. మెడల్ అందుకున్న మొదటి నల్లజాతి మనిషి ఎవరన్నదాని మీద తరచూ వాదన జరుగుతుంది. ఫోర్ట్ వాగ్నర్ అనే దక్షిణాది కోట దగ్గర జెండా నేల తగలనివ్వని విలియం కార్నీ అని కొందరు. ఆయన సాహసం 1863 జులైలో, నిజమే. కానీ మెడల్ చేతికొచ్చింది 1900లో. రాబర్ట్ బ్లేక్ అనే నావికుడికి 1864 ఏప్రిల్‌లోనే ఇచ్చారు. అతనూ బానిసత్వం నుంచి బయటపడ్డవాడే. 1863 క్రిస్మస్ రోజున దక్షిణ కరొలైనాలోని స్టోనో నదిలో మార్బుల్‌హెడ్ ఓడ మీద దాడి జరిగితే ఫిరంగి దగ్గర నిలబడి పనిచేశాడు. కాబట్టి సాహసం తేదీ చూస్తే కార్నీ, మెడల్ తేదీ చూస్తే బ్లేక్.

పల్నాటిబిడ్డ
37 ఏళ్లు ఆలస్యం! మనిషి బతికుండగా ఇచ్చారు, అదే నయం.

నల్లమలనీడ
అంతర్యుద్ధం అంటే దాయాదుల పోరు కదా, ఆ కోణం కూడా హార్ట్‌ఫర్డ్‌లో ఉంది. దాని కెప్టెన్ పెర్సివల్ డ్రేటన్ దక్షిణ కరొలైనా కుటుంబం వాడు. సొంత అన్న థామస్ డ్రేటన్ దక్షిణాది జనరల్. 1861 నవంబరులో పోర్ట్ రాయల్ దగ్గర అన్న కోటలో, తమ్ముడు ఎదురుగా ఓడలో. ఫారగట్ కూడా టెనెసీలో పుట్టినవాడే. పల్నాటి కథ విని పెరిగినవాళ్లకు ఇది ఎంత బాధో వేరే చెప్పక్కర్లేదు.

పల్నాటిబిడ్డ
@నల్లమలనీడ మా కారంపూడి వీరుల తిరునాళ్లు గుర్తు చేశారు.

రేపల్లెరాణి
మన నేవీలో ఇలాంటి మామూలు నావికులకు పెద్ద పతకాలు వచ్చాయా? ఎప్పుడూ కమాండర్ల పేర్లే వింటాం.

విశాఖ_మాజీనావికుడు
@రేపల్లెరాణి మంచి ప్రశ్న. పరమవీర చక్ర ఇంతవరకు నేవీలో ఎవరికీ రాలేదు. మహావీర చక్ర అందుకున్న మొదటి సెయిలర్ లీడింగ్ సీమన్ చిమన్ సింగ్, హర్యానా మనిషి. 1971 డిసెంబరులో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని ఖుల్నా వైపు వెళ్లిన పడవల మీద విమానాల దాడి జరిగింది. పడవ మునిగింది. ఒంట్లో ముక్కలు గుచ్చుకుని నీళ్లలో పడ్డాడు. మునిగిపోతున్న ఇద్దర్ని, వాళ్లలో ఒకరు ఆఫీసరు, ఒడ్డుకు చేర్చాడు. ఒడ్డు నుంచి కాలుస్తూనే ఉన్నారు. ఒడ్డెక్కాక తనే శత్రువుల మీదికి ఉరికాడు. వాళ్ల దృష్టి తన మీద పడితే ఆ ఇద్దరూ తప్పించుకుంటారని. తప్పించుకున్నారు. ఇతను ఖైదీగా దొరికాడు. బంగ్లాదేశ్ విముక్తి అయ్యాక బయటికొచ్చాడు.

నేను చేరిన కొత్తలో మా సీనియర్లు ఈ కథ చెప్పేవాళ్లు. మెస్‌లో రాత్రి లైట్లార్పే ముందు. ఏ సినిమా కథా అంత శ్రద్ధగా వినలేదు నేను. వైజాగ్ బీచ్ రోడ్డులో 1971 విజయ స్మారకం దగ్గర ఫొటోలు దిగే పిల్లలకు ఆ పేరు చెప్పి చూడండి, ఒక్కరికీ తెలియదు. @కృష్ణాతీరం మీకొచ్చిన కోపం నాకూ అక్కడే వస్తుంది.

కృష్ణాతీరం
సార్, చిమన్ సింగ్ మీద మీరే వేరే థ్రెడ్ పెట్టండి. సెయిలర్‌గా పనిచేసిన మీరు రాస్తే ఆ బరువే వేరు.

విశాఖ_మాజీనావికుడు
పెడతాను. ఆదివారం తీరిగ్గా రాస్తాను.

మున్నేరువాగు
లాసన్ మెడల్ ఎలా ఉండేదో ఎవరైనా చూశారా? ఇప్పటి దానిలా నీలం రిబ్బనేనా?

సాగరసంగమం
@మున్నేరువాగు అప్పటిది మెడలో వేసుకునేది కాదు, ఛాతీకి పెట్టుకునేది. తలకిందులుగా ఉన్న అయిదు కోణాల నక్షత్రం, పైన లంగరు. నక్షత్రం మధ్యలో మినర్వా దేవత డాలుతో ఒకణ్ణి నెట్టేస్తూ ఉంటుంది. వాడి చేతుల్లో పాములు. దేశాన్ని చీల్చే కలహానికి ఆ రూపం ఇచ్చారు.

ఎడిసన్_అన్నపూర్ణ
మా అబ్బాయి బొమ్మ గీశాడు, పాములు మాత్రం వానపాముల్లా వచ్చాయి. 😀

వలసపక్షి_అలబామా
ఆలస్యంగా చూశాను థ్రెడ్. నేను చదువుకునేది మొబైల్‌లోనే. ఫోర్ట్ మోర్గన్, ఫోర్ట్ గెయిన్స్ రెండూ చూడొచ్చు, టికెట్ ఉంటుంది. గెయిన్స్‌లో హార్ట్‌ఫర్డ్ లంగరు పెట్టారు. ఓడ మాత్రం లేదు. 1956లో నార్‌ఫోక్‌లో కట్టేసిన చోటే మునిగిపోతే విప్పి తీసేశారు. టెకుమ్సే ఇంకా ఫోర్ట్ మోర్గన్ ఎదురుగా నీళ్లలోనే ఉంది, లోపల మనుషులతో సహా. పైన ఒక బోయా తేలుతూ ఉంటుంది.

కృష్ణాతీరం
@వలసపక్షి_అలబామా కోటల్లో లాసన్, బ్రౌన్ల గురించి బోర్డులేమైనా ఉన్నాయా తమ్ముడూ?

వలసపక్షి_అలబామా
నేను వెళ్లినప్పుడు ఈ పేర్లు తెలియవన్నా, వెతకలేదు. మళ్లీ వెళ్లి చూసి ఇక్కడే రాస్తాను. విల్సన్ బ్రౌన్ సమాధి నాచెజ్ జాతీయ శ్మశానంలో ఉంది, 1900లో చనిపోయాడు. మాకు అది కారులో ఒక పూట ప్రయాణం. సెలవుల్లో ఫ్రెండ్స్ వస్తామంటే అదీ చూసొస్తాం.

ఎడిసన్_అన్నపూర్ణ
మేం డిసెంబరులో ఫ్లోరిడా వెళ్తూ అటు రావచ్చా? రెండు కోటలూ ఒక్కరోజులో అవుతాయా బాబూ?

వలసపక్షి_అలబామా
@ఎడిసన్_అన్నపూర్ణ ఆంటీ, అవుతాయి. రోడ్డు మీద పోతే ఖాతం చుట్టూ తిరిగి రావాలి, చాలా దూరం. డాఫిన్ దీవి నుంచి ఫోర్ట్ మోర్గన్‌కి ఫెర్రీ ఉంది, కారు కూడా ఎక్కిస్తారు. ఫారగట్ ఓడలు దూరిన ఖాతం మూతినే అది అడ్డంగా దాటుతుంది. గాలి ఎక్కువుంటే ఆపేస్తారు కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.